టిక్కుమనే దాకా

“నేనొకసారి నొక్కి సూసేదా?”

“నువ్వొద్దులే మే. నీ యేలు దానికి మరిగిపోయుండాది.”

“అట్లయితే పోయి ఆ కుప్పం ముసలామెనే కట్టుకో. ఆమె యేలే కదా నీకిప్పుడు కావాల్సింది.”

మా ఆయనా నేనూ మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవే. ఆయన గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్నాడు. నేను చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతున్నాను. ఆ మాట అన్నాక తల ఎత్తలేదు. ఆయన నవ్వాడో, ముఖం మాడ్చుకున్నాడో నాకు తెలియదు. చెప్పుల చప్పుడు వీధిలోకి పోయింది, అంతే. ఆ రోజు మదనపల్లెలో కుప్పానికని బయలుదేరిన మనిషి కుప్పం చేరలేదు.

నేను చెబుతున్నాను, మా మరిది కూతురు రాస్తోంది. నాకు వచ్చిన చదువు సంతకం చేయడం, అంకెలు గుర్తుపట్టడం. మిగిలినదంతా విని తెలుసుకున్నదే. కాబట్టి మిషన్ సంగతి చెప్పేటప్పుడు ఆయన నాకు ఎట్లా చెప్పాడో అట్లాగే చెబుతాను. తప్పుంటే చదివేవాళ్లు సరిచేసుకోండి.

మా ఆయన డెబ్బైలలో బెంగళూరులో ఒక ఫ్యాక్టరీలో మీటర్లు, రిలేలు బాగుచేసే పని చేసేవాడు. మా అత్తకు పక్షవాతం వస్తే ఆ పని వదిలేసి మదనపల్లెకు వచ్చేశాము. ఇంటి ముందు గదిలో రేడియోలు, మోటారు స్టార్టర్లు రిపేరు చేసేవాడు. మా అత్తకు నోరు పడిపోయింది. ఏదన్నా కావాలంటే ఎడమ చేత్తో సత్తు గ్లాసు తీసుకుని మంచం పట్టెమీద కొట్టేది. నేను పెరట్లో బండమీద గుడ్డలు ఉతుకుతుంటే ఆ చప్పుడు వినబడేది కాదు. ఆయనే ఒకరోజు మంచం పక్కన ఒక బటన్ బిగించి, పెరట్లోకి తీగ లాగి, గంట పెట్టాడు. ఆమె పోయేదాకా ఆ గంట పనిచేసింది. మంచంలో ఉన్న మనిషి పిలిస్తే అవతల పలకాలి అనేది ఆయన మనసులో అప్పుడే పడిపోయింది. ఆ తర్వాత ఆయన చేసిందంతా దానికోసమే.

ఎనభైలలో బెంగళూరు పోయి ఒక బోర్డు కొనుక్కొచ్చాడు. పలకంత ఉంటుంది. మీద క్యాలిక్యులేటర్ మీటల్లాంటి మీటలు, ఎర్రగా వెలిగే అంకెలు. దీంట్లో ఉండేది కంప్యూటర్ మెదడు అన్నాడు. ఒక్కో మీటా నొక్కుతూ దానికి పని నేర్పించాలట. ఆయన కోరిక ఏమంటే, ఆసుపత్రిలో ఒక్కో మంచానికి ఒక్కో బటన్ ఉండాలి. అన్నీ కలిసి ఒక పెట్టెలోకి రావాలి. ఎవరు పిలిచారో ఆ మంచం అంకె నర్సు గదిలో వెలగాలి. ఇద్దరు పిలిస్తే ఎవరు ముందో పెట్టె గుర్తు పెట్టుకోవాలి. నర్సు వచ్చి ఆపేదాకా ఆ అంకె పోకూడదు.

అంకెలు వెలిగించడం ఆయనకు తొందరగానే వచ్చింది. ఏడిపించింది బటన్.

మనం బటన్ ఒకసారి నొక్కాము అనుకుంటాము. కానీ లోపల స్ప్రింగు చిన్నగా ఎగిరెగిరి పడుతుందట. మన కంటికి ఒక్క నొక్కు, పెట్టెకు నాలుగు. ఒక మంచంవాళ్లు ఒకసారి పిలిస్తే పెట్టె నాలుగు పిలుపులు రాసుకుని కూర్చునేది. అందుకని ఆయన పెట్టెకు ఒక బుద్ధి నేర్పాడు. ఎవరో తలుపు తట్టారు, వెంటనే లేవద్దు. గాలికి కొట్టుకుందేమో. కాసేపు ఆగి చూడు. ఇంకా తడుతూనే ఉంటే అప్పుడు లేచి పలుకు. అట్లా పలికినప్పుడు లోపలి రిలే టిక్కుమనేది, అంకె వెలిగేది.

నొక్కే పని నాది. పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చి కూర్చునేదాన్ని.

“నొక్కు మే.”

“నొక్కినా.”

“ఎన్ని పడినాయి?”

“రెండు పడింది. నీ మిషన్‌కు నత్తి పోలేదు.”

అట్లా నేను రెండు అన్నప్పుడల్లా ఆయన ఆ ఆగే సమయాన్ని కొంచెం పెంచేవాడు. కొన్న బటన్లు మంచివి కావు, మంచివి కొనే స్తోమత లేదు. పెంచిన ప్రతిసారీ ఆ బుద్ధి రాసి ఉండే చిప్పును తుడిచి కొత్తగా ఎక్కించాలి. ఆ చిప్పు నడుమ చిన్న గాజు కిటికీ ఉంటుంది. అందులోకి ఎండ పడితే రాసిందంతా చెరిగిపోతుంది. తుడిచే లైటు మా దగ్గర యాడిది? మిద్దె మీద మిరపకాయలు ఆరబోసిన చాప పక్కనే ఒక పళ్లెంలో చిప్పులు పెట్టేవాళ్లం. వారం ఎండితేగానీ చెరిగేవి కావు. మబ్బు పడితే ఇంకా ఆలస్యం. వాన చినుకు పడితే నేను ముందు చిప్పులు తీసుకుని, తర్వాత మిరపకాయలకు పోయేదాన్ని. దీన్ని గొప్పగా చెప్పుకోవడం లేదు. ఆ పనిలో నాకూ పాలు ఉందని చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత చెప్పేదానికి అది కావాలి.

కొన్నాళ్లకు నా వేలు తనంతట తానే ఆగడం నేర్చుకుంది. నొక్కి, టిక్కు వినబడేదాకా పట్టుకుని, అప్పుడు వదిలేదాన్ని. నాకెవరూ అట్లా చేయమని చెప్పలేదు. ఆవు పొదుగు దగ్గర కూర్చుంటే చేతికి అదే తెలిసినట్టు తెలిసింది. ప్రతిసారీ ఒక్కటే పడేది. ఆయన సంబరం చూసి నాకూ సంబరం.

మా వీధిలో గాజులమ్మే సాయిబులామె ఒకామె ఉండేది. నాకంటే చిన్నది, అక్కా అని పిలిచేది. ఒక పొద్దు గాజుల మలారం దించి, నేనూ నొక్కుతానని కూర్చుంది. వేలితో అట్లా తాకి తీసేసింది. అంకె వెలగలేదు. మళ్లీ నొక్కింది. వెలగలేదు.

“క్యా జీ, నీ మిషన్‌కు నా మీద కోపమా అక్కా? గాజులు ఉద్దరకిచ్చేది ఆపేస్తా సూడు!”

“నువ్వు నొక్కేది అట్లుంటే అదేం సేస్తాది? గాజు పగిలిపోతాదని నొక్కినట్ల నొక్కుతాండావు.”

ఆమె వేలు పట్టుకుని బటన్ మీద పెట్టి, నా వేలితో అదిమిపెట్టాను. “ఇట్ల. టిక్కుమనే దాకా తియ్యాకు.” టిక్కుమంది. ఆమె చప్పట్లు కొట్టింది. మా ఆయన అక్కడే ఉన్నాడు, సోల్డరింగ్ కడ్డీ చేతిలో పట్టుకుని చూస్తూనే ఉన్నాడు. ముగ్గురమూ నవ్వుకున్నాము. పెట్టెకు మనిషిని నేర్పవలసింది పోయి, మనిషికి పెట్టెను నేర్పి పంపించాను. ఆ రోజు అది మాలో ఒక్కరికీ తట్టలేదు.

మొదటి పెట్టె పుంగనూరులో ఒక చిన్న ఆసుపత్రిలో బిగించాడు. నాలుగు మంచాలు, ఒకే హాలు. పెట్టె ఆ హాల్లోనే గోడకు ఉండేది. రోగులు నొక్కి, టిక్కు విని, అంకె కళ్లతో చూసి వదిలేవాళ్లు. ఒక్క మాట రాలేదు. ఆ డాక్టరే కుప్పంలో ఇంకో నర్సింగ్ హోముకు చెప్పాడు. అది పెద్దది. అక్కడ ఇది నిలబడితే ఇక రిపేర్లు మానేసి ఇదే పని చేసుకుంటానని మా ఆయన ఆశ. కుప్పంలో బిగించి వచ్చిన రోజు పలమనేరు బస్టాండులో కనకాంబరాలు కొనుక్కొచ్చాడు. మూర తక్కువైందని నేను సణిగాను కూడా.

నెల తిరక్కుండానే, నొక్కినా అంకె పడడం లేదని అక్కడి నుంచి కబురు వచ్చింది. “నువ్వూ రా. నొక్కేదానికి మనిషి కావాల” అన్నాడు మా ఆయన. పోయాము.

అక్కడి నర్సమ్మ మమ్మల్ని వసారాలోనే పట్టుకుంది. “రాండి సారూ. మీ పెట్టె వచ్చినప్పటి నుంచి మాకు శానా నిమ్మతి. ఎవురూ పిలిసేదే లేదు. రోగులందరికీ జబ్బులు బాగైపోయినట్లుండాది!”

లోపల గది చివర మంచంలో ఒక ముసలామె. తుంటి ఎముక విరిగి కదలలేదు. కొడుకూ కోడలూ పగలంతా సేద్యంలో ఉంటారు, సాయంత్రం వస్తారు. ముందు రోజు మధ్యాహ్నం ఆమె ఒంటికి పోసుకునే పాత్ర కోసం బటన్ నొక్కిందట. ఎవరూ రాలేదు. మళ్లీ నొక్కిందట. సాయంత్రం కోడలు వచ్చేదాకా తడి పక్కమీదే ఉందట. పక్క మంచాల దగ్గర మగవాళ్లు కూర్చుని ఉంటే, కేక వేసి చెప్పడానికి సిగ్గుపడింది.

ఆమె మమ్మల్ని తిట్టి ఉంటే బాగుండేది. “మీరు అంత దూరం నుంచి వచ్చినారా నాయనా, నా మూలాన” అంది.

మా ఆయన “ఒకసారి నొక్కవ్వా” అని, నర్సు గదికి పరుగెత్తాడు. ఆ గది వసారాకు అవతల ఉంది. ముసలామె బటన్ మీద వేలు పెట్టింది. చంటిపిల్ల నిద్రపోయిందా అని చెంప తాకి చూస్తామే, అట్లా తాకింది. తీసేసింది. ఆయన వచ్చాడు. పడలేదన్నాడు. మళ్లీ నొక్కింది. మళ్లీ పోయి వచ్చాడు. పడలేదు.

“నువ్వు నొక్కు మే.”

నొక్కాను. “పడింది!” అని అక్కడి నుంచి అరిచాడు. ఇంకోసారి నొక్కాను. పడింది. నిజం చెబుతాను, నాకు ఆ నిమిషాన గర్వంగా ఉండింది. నర్సమ్మ చూస్తోంది, పక్క మంచాలవాళ్లు చూస్తున్నారు, నేను నొక్కితే పలుకుతోంది. నేను గర్వపడుతుంటే ముసలామె తన చెయ్యి ఎత్తి వేలు చూసుకుంటోంది.

“సూడప్పా. ఆమె నొక్కితే పలుకుతాండాది. మీ మిషన్ మంచిదే. నా యేలే సచ్చిపోయుండాది.”

మా ఆయన నన్ను వసారాలోకి తీసుకుపోయాడు.

“ఆడ పడుకున్నామెకు టిక్కు ఇనబడతాదా?”

“ఈడికి యాడ ఇనబడతాది? అంత దూరం ఉంటే.”

“నీకు ఇనబడిందా?”

“లేదు.”

“మరి ఎప్పుడు వదిలినావు యేలు?”

“అది పలికే టయానికి.”

“ఇనబడకుండా ఎట్ల తెలుసు నీకు?”

“తెలుస్తాది. ఇన్నాళ్లు నొక్కినా కదా, తెలీదా?”

ఆయన అక్కడున్న బెంచీమీద కూర్చుండిపోయాడు. చాలాసేపు నా చేతి వంకే చూశాడు, ముఖం వంక చూడలేదు. తర్వాత “తప్పు నాది. ఒక్క యేలితో పరీక్ష పెట్టుకున్నా” అన్నాడు. ఆ వేలు నాదే కదా. ఆయన నన్ను అనలేదు. అనకపోవడమే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

బస్సులో తిరిగి వస్తూ వేరుశనగలు కొన్నాడు. ఇద్దరం తిన్నాము. ఆ ముసలామె దగ్గరికి మళ్లీ లోపలికి పోయి “అవ్వా, నీ వేలు బాగానే ఉంది, మేము చేసిందే బాగాలేదు” అని ఒక్క మాట చెప్పి రాలేదు మేము. ఆయన పెట్టె గురించి ఆలోచిస్తూ వచ్చేశాడు. నాకు ఆలోచించే పని లేదు. నేను చెప్పి ఉండవచ్చు. బస్సు పోతుందని చెప్పులు వేసుకున్నాను.

ఇంటికి వచ్చాక ఆయన పెట్టె బుద్ధినే తిరగేశాడు. ఇంతకుముందు తలుపు తట్టిన చప్పుడు వినగానే లేవకుండా ఆగేది కదా. ఇప్పుడు మొదటి చప్పుడుకే లేచి పలకాలి. పలికాక మాత్రం కాసేపు చెవులు మూసుకోవాలి, స్ప్రింగు ఎన్నిసార్లు ఎగిరినా విననట్టు. చెప్పడానికి ఇంతే. చేయడానికి ఆ ఎండాకాలమంతా పట్టింది. ఫ్యాను స్విచ్ వేస్తే చాలు, ఎవరూ నొక్కకుండానే అంకె వెలిగేది. తీగలు జడలాగా మెలితిప్పి చూశాడు. మొదటి చప్పుడును రెప్పపాటులో రెండుసార్లు విని చూడమని పెట్టెకు నేర్పాడు. చిప్పులు మిద్దె మీద ఎండుతూనే ఉన్నాయి.

కుప్పంలో పెట్టెను తీసేయమని ఆయన చెప్పలేదు. వాళ్లు తీసేయలేదు. ఆ నెలలన్నీ అది పాత బుద్ధితోనే గోడకు వేలాడింది. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకు తెలుసు. అన్నం తినేటప్పుడు ఇద్దరమూ దాని గురించి మాట్లాడేవాళ్లం కాదు.

ఇక నొక్కేవాళ్లు మారిపోయారు. దారిన పోయేవాళ్లనంతా పిలిచేవాడు. చేతులు వణికే, రిటైరైన బడి అయివారు ఒకాయన, చెరుకురసం బండి ముసలాయన, చంకలో బిడ్డను వేసుకుని ఎడమచేత్తో నొక్కే ఆడవాళ్లు. టిక్కు వినబడకుండా పెట్టెను లోపలి గదిలో, దుప్పటి కింద పెట్టాడు. నన్ను మాత్రం పిలవలేదు. నేను వంటింట్లో నిలబడి ఆ దుప్పటి కింది చప్పుడు వినేదాన్ని. ఎవరెవరి వేళ్లకో పలుకుతోంది.

గాజులామె ఊరుకుంటుందా? “ఏమక్కా, నిన్ను డ్యూటీలోంచి తీసేసినాడంట! ఎవుర్ని పెట్టుకున్నాడో కనుక్కో.”

“ఎవుర్నో ముసిలిదాన్ని పెట్టుకున్నాడులే, కుప్పంలో” అన్నాను. ఆమె విరగబడి నవ్వింది. ఆ మాట అప్పటికి నా నోట్లో అట్లా తయారై ఉంది. ఆఖరి రోజు వాడటానికే దాచుకున్నట్టు.

ఆ రోజు కొత్త చిప్పు సిద్ధమైంది. సిగరెట్టు పెట్టెలోని తగరం కాగితంలో చుట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పోయే ముందు ఒక్కసారి నన్ను నొక్కనిస్తాడేమో అని అడిగాను. ఆయన ఏమన్నాడో, నేనేమన్నానో ముందే చెప్పాను.

పుంగనూరు దాటాక బస్సులోనే ప్రాణం పోయింది. కిటికీకి తల ఆనించి ఉంటే నిద్రపోతున్నాడనుకున్నారట. పలమనేరులో కండక్టరు భుజం తట్టి లేపబోయాడట. గుండె అన్నారు. అంతకుమించి నేను అడగలేదు.

కర్మలన్నీ అయ్యాక ఆయన చొక్కా ఉతకడానికి తీస్తే జేబులో తగరం పొట్లం తగిలింది. నేను దాన్ని ఉప్పుజాడీ వెనుక పెట్టాను. కొన్నాళ్లు అట్లాగే ఉంది. అన్నం వండుకున్న ప్రతిసారీ నా చెయ్యి దాన్ని దాటుకుని ఉప్పుకు పోయేది. అక్కడ ఆ ముసలామె నొక్కుతూ ఉంటుంది, పెట్టె పలకకుండా ఉంటుంది, మందు ఇక్కడ నా వంటింట్లో ఉంది. నాకు దుఃఖం కాబట్టి పోలేదని అందరూ అనుకుంటారు. దుఃఖం ఉండింది. దాంతోపాటు, పోతే ఆ ముసలామె ముఖం చూడాల్సి వస్తుందని కూడా ఉండింది.

ఆఖరికి మా మరిదిని, అంటే ఇది రాస్తున్న పిల్ల తండ్రిని, వెంటబెట్టుకుని కుప్పం పోయాను. ఆయన తన అన్న దగ్గర ఆ పని కొంత చూసినవాడే. పాత చిప్పు పీకి, గుర్తు ఉన్న కొన ఎటో చూసుకుని, కొత్తది గుచ్చాడు. నర్సమ్మ “సారు రాలేదా?” అని అడిగింది. మరిది చెప్పాడు. ఆమె ఇక వేళాకోళం ఆడలేదు, నాకు కుర్చీ వేసింది. నేను కూర్చోలేదు. తిన్నగా గది చివరి మంచం దగ్గరికి పోయాను.

అందులో కొత్తగా కాన్పైన పిల్ల ఉంది. రెప్పలు కూడా ఎత్తలేకుండా ఉంది. “నువ్వొకసారి నొక్కు తల్లీ” అన్నాను. అది వేలు ఆనించిందో లేదో కూడా నాకు తెలియలేదు. వసారా అవతల నుంచి నర్సమ్మ వచ్చి నిలబడింది. “ఏం కావాల?” అంది. పిల్ల “ఏమీ వద్దు, ఈమె నొక్కమనింది” అని నన్ను చూపించింది.

పనిచేసింది. ఆయన చేసింది పనిచేసింది. నాకు ఏడుపు రావాల్సిన చోటు అదే, రాలేదు. ముసలామె యాడ అని అడిగాను.

“ఆమె ఊరికి తీసకపోయినారమ్మా. తమిళనాడు దిక్కు ఎవురో కూతురు ఉండాది అన్నారు. ఊరి పేరు తెలీదు.”

“పోయేదాకా బెల్లు నొక్కిందా?”

“యాడ నొక్కింది? మీరొచ్చి పోయినాక దాన్ని తాకిందే లేదు. పక్కామెతో కేకేయించేది. ఆమె లేనప్పుడు ఊరకే ఉండేది. యాల నొక్కవు అవ్వా అంటే, నా చెయ్యి తగిలి ఆయన మిషన్ చెడిపోతాదేమో, పాపం అంత దూరం నుంచి వస్తాడు అనేది.”

మా ఆయనకు ఇది తెలియకుండా పోయింది. తెలిసి ఉంటే ఎట్లా ఉండేవాడో నాకు తెలుసు. కాబట్టి తెలియకపోవడమే మంచిదని అనుకుంటాను. అనుకున్న మరుక్షణం, ఇదీ నా సుఖం కోసం అనుకుంటున్నదే అని కూడా అనిపిస్తుంది. ఆ ముసలామె ఇప్పటికి ఉండదు. ఆమెకు చెప్పవలసిన మాట ఆమెకు చెప్పలేక ఎవరెవరికో చెబుతున్నాను. అవ్వా, నీ వేలు చచ్చిపోలేదు. నీ వేలు అందరి వేళ్లలాంటిదే. నాదే వేరుగా తయారైంది.

అంతే, పాపా. ఇంకేమీ లేదు చెప్పేదానికి. కళ్లు తుడుసుకుంది సాలు, కాగితం తడిసిపోతాది. నువ్వు రాసిందంతా ఇప్పుడు నాకు మొదట్నుంచి సదివి ఇనిపించు. గబగబా సదవాకు. పెద్దమ్మ కదా అని యాడన్నా నన్ను మంచిదాన్ని సేసి రాసుంటే, ఆడ నేనే ఆపుతా. ఊ, సదువు.